పాలపన్నుతో మొదలయ్యే లెక్క

పళ్లు పీకకుండానే వంకర పళ్లు సరిచేస్తామన్న మాట ఇప్పుడు హైదరాబాదు, విజయవాడల్లోనే కాదు, చిన్న చిన్న పట్టణాల డెంటల్ క్లినిక్కుల బోర్డుల మీదా కనిపిస్తోంది. వినగానే మనసుకు నచ్చే మాట. పిప్పి లేదు, నొప్పి లేదు, నిక్షేపంలా ఉన్న పన్ను. అలాంటివి ఒకటి కాదు, నాలుగు పీకించాలంటే ఏ తల్లిదండ్రులకైనా ప్రాణం ఒప్పదు. ఆ అయిష్టంలో తప్పేమీ లేదు. పోతే మళ్లీ మొలవని పన్నును అనవసరంగా తీయకూడదని వైద్యులూ ఒప్పుకుంటారు. పేచీ అంతా నోరు తెరిచి చూడకముందే, కొలతలు తీయకముందే ఆ మాటను హామీగా ఇచ్చేయడంతోనే. పన్ను తీయాలా వద్దా అన్నది నోట్లో ఉన్న చోటు లెక్క తేలాక వచ్చే జవాబు. ఆ లెక్కను మనవైపు తిప్పుకునే అవకాశం బాగా ఉండేది ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య, పాల దవడపళ్లు ఇంకా నోట్లో ఉన్న వయసులో. సరిగ్గా అప్పుడే మనం పిల్లల పళ్ల వంక చూడం. ఇంటర్లో చేరి, ఫొటోల్లో నోరు మూసుకుని నవ్వడం మొదలుపెట్టాక క్లిప్పులు వేయిద్దామని బయల్దేరతాం.

పళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయంటే ఉన్న చోటు చాలలేదన్నమాట. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటులో నలుగురు సర్దుకుంటే ఒకరు అంచుకు జరిగి కూర్చున్నట్టు, జాగా దొరకని పన్ను ముందుకో, లోపలికో, పక్కకు తిరిగో నిలబడుతుంది. పై దవడలో ఈ దెబ్బ ఎక్కువగా కోరపళ్లకు తగులుతుంది. ఇరుగుపొరుగు పళ్లు చోటంతా ఆక్రమించాక అవి తీరిగ్గా పదకొండు, పన్నెండేళ్లకు దిగుతాయి మరి. చోటు ఎంత తక్కువైందో కంటితో చూసి చెప్పలేం. నోటి అచ్చు తీసి, ఒక్కో పన్ను వెడల్పును కాలిపర్‌తో కొలిచి కూడతారు. అవన్నీ నిలబడాల్సిన వంపు పొడవును సన్నని ఇత్తడి తీగ వంచి కొలుస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని స్కానరు చేస్తోంది. రెండింటికీ ఉన్న తేడాయే అసలు సంగతి. తేడా 4 మి.మీ. లోపు ఉంటే పన్ను తీయాల్సిన అవసరం అరుదు. 10 మి.మీ. దాటితే తీయకుండా గట్టెక్కడం కష్టం. నడుమ ఉన్నవాళ్ల విషయంలో ముఖం తీరు, పెదవులు, చిగుళ్లు, కింది, పై పళ్లు కలిసే పద్ధతి అన్నీ చూసి డాక్టరు నిర్ణయించాలి. అక్కడ ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చెప్పినా ఆశ్చర్యం లేదు.

వరుస కోసం సాధారణంగా తీసేది కోరపన్ను వెనకుండే ప్రీమోలార్‌ను. దాని వెడల్పు దాదాపు 7 మి.మీ. ఒక దవడలో అటొకటి ఇటొకటి తీస్తే 14 మి.మీ. చోటు వస్తుంది. కావాల్సింది 3 మి.మీ. మాత్రమే అయితే మిగిలిన 11 మి.మీ.ను ఏం చేస్తారు? ముందుపళ్లను వెనక్కి లాగో, వెనకపళ్లను ముందుకు జరిపో మూయాలి. పెదవులు ముందే లోపలికి ఉన్న ముఖంలో ఇది నప్పదు. అలాగని 10 మి.మీ. లోటును ఏమీ తీయకుండా సర్దాలంటే, ముందుపళ్లను ఒక మి.మీ. ముందుకు నెడితే సుమారు 2 మి.మీ. చోటు వస్తుంది కాబట్టి, వాటిని 5 మి.మీ. ముందుకు తోయాలి. వరుస కుదురుతుంది. పెదవులు మాత్రం మూతపడవు. వంకర పళ్లతో వచ్చిన మనిషి ఎత్తుపళ్లతో ఇంటికి వెళతాడు. పళ్లన్నీ లెక్కకు సరిగా ఉన్నంత మాత్రాన దాన్ని మంచి వైద్యమని ఎలా అంటాం?

పీకకుండా చోటు సంపాదించే దారులు ఉన్నాయి. అవి మాయలూ కావు, మోసాలూ కావు. ఒక్కోదానికి ఒక్కో హద్దుంది, అంతే. మొదటిది, పళ్ల పక్క అంచుల్లో ఎనామెల్‌ను కాస్త అరగదీయడం. ఒక్కో అంచున పావు మి.మీ. చొప్పున, ఉన్న మందంలో సగం దాటకుండా తీస్తారు. ఆరు ముందుపళ్ల మధ్య ఒకదానికొకటి తాకే చోట్లు ఐదు. అరేసి మి.మీ. చొప్పున రెండున్నర మి.మీ. వస్తుంది. జాగ్రత్తగా చేస్తే ఆ పళ్లు పుచ్చిపోతాయన్న భయం అక్కర్లేదని పదేళ్ల తర్వాత చూసిన పరిశీలనలు చెబుతున్నాయి. రెండోది, పై దవడను వెడల్పు చేయడం. అంగిలి నడుమ ఎముకకు ఒక అతుకు ఉంటుంది. చిన్నతనంలో అది ఇంకా గట్టిపడి ఉండదు. అంగిట్లో అమర్చిన స్క్రూను తల్లో తండ్రో చిన్న తాళంచెవితో డాక్టరు చెప్పిన ప్రకారం తిప్పుతారు. ఒక్కో తిప్పుకు పావు మి.మీ. కొన్ని రోజులకు పై ముందుపళ్ల నడుమ సందు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు కంగారు పడతారు గానీ, అతుకు విచ్చుకుందనడానికి గుర్తు అదే. తర్వాత ఆ సందు దానంతటదే మూసుకుపోతుంది. టీనేజీ దాటేకొద్దీ అతుకు గట్టిపడుతుంది, పెద్దయ్యాక ఎముకలోకి చిన్న స్క్రూలు దించో, ఆపరేషన్ చేసో విప్పాల్సి వస్తుంది. కింది దవడలో అలాంటి అతుకు శైశవంలోనే కలిసిపోతుంది. అక్కడ ‘వెడల్పు చేశాం’ అన్నారంటే, ఎక్కువ సార్లు పళ్లను బయటికి వంచారనే అర్థం. మూడోది, ఎముకలో దించిన చిన్న స్క్రూల ఆసరాతో పళ్ల వరుసనంతా వెనక్కి జరపడం. మంచి పద్ధతే. కానీ వెనక జాగా కావాలి కదా! అందుకని చాలాసార్లు జ్ఞానదంతాలు తీసేస్తారు. అవి కూడా శాశ్వత దంతాలే. ‘పీకకుండా’ అన్న బోర్డు లెక్కలోకి అవి రావేమో.

ఈ వాదన ఇవాళ పుట్టింది కాదు. అమెరికాలో 1900లో ఆర్థోడాంటిక్స్, అంటే పళ్ల వరుస సరిచేసే వైద్యం, నేర్పే బడి పెట్టిన ఎడ్వర్డ్ యాంగిల్, మనిషికి ప్రకృతి ఇచ్చిన పళ్లన్నీ నోట్లో ఉండాల్సిందేనని, వాటిని వరుసలో పెడితే ఎముక తనే పెరిగి చోటిస్తుందని నమ్మాడు. కొందరికి తీయక తప్పదన్న కాల్విన్ కేస్ 1911లో ఆయన శిష్యవర్గంతో పెద్ద వాగ్వాదానికే దిగాడు. అప్పటికి గెలిచింది యాంగిల్ వర్గం. తర్వాత యాంగిల్ దగ్గరే చదువుకున్న చార్లెస్ ట్వీడ్, గురువు చెప్పినట్టు పీకకుండా వైద్యం చేసిన పేషెంట్ల పళ్లు మళ్లీ వంకరపోవడం, ముఖాలు ముందుకు పొడుచుకురావడం చూశాడు. వాళ్లలో నూరుమందికి నాలుగేసి ప్రీమోలార్లు తీసి మళ్లీ వైద్యం చేసి, 1940లో ఆ కేసుల ముందూవెనకల రికార్డులను తోటి డాక్టర్ల ముందు పెట్టాడు. గాలి అటు మళ్లింది. ఎంతగానంటే, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ క్లినిక్కులో పళ్లు తీసి వైద్యం చేసిన కేసులు 1953లో 30 శాతం, 1968లో 76 శాతం, 1993లో 28 శాతం. పదిహేనేళ్లలో ఆ రాష్ట్రపు పిల్లల దవడలు కుంచించుకుపోయి, మరో పాతికేళ్లలో తిరిగి విశాలమయ్యాయా? పళ్లను అతికించే జిగురులు మెరుగుపడటం లాంటి కారణాలూ కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఊపులో పెద్ద వాటా డాక్టర్ల నమ్మకాలది. అందుకే, పీకడమే శాస్త్రం అన్నవాళ్లనూ పీకకపోవడమే శాస్త్రం అన్నవాళ్లనూ ఒకే చూపుతో చూడాలంటాను.

పన్ను తీయడం మీద మనవాళ్లకున్న భయాల్లో అన్నిటికంటే పాతది, పై పళ్లు పీకిస్తే కంటిచూపు పోతుందన్నది. పై పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు, చూపును మెదడుకు చేర్చే నరం వేరు. ఒకదానికి ఇంకొకదానితో పనే లేదు. చదువుకున్న ఇళ్లలో ఈ భయం పోయింది గానీ దాని స్థానంలో యూట్యూబు నుంచి కొత్త భయాలు దిగాయి: ముఖం పీక్కుపోతుంది, దవడ కీలు చెడిపోతుంది, నాలుకకు చోటు తగ్గి నిద్రలో ఊపిరి ఆగుతుంది అని. దవడ కీలు మాట 1980ల్లో అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. 1987లో మిచిగాన్‌లో ఒక జ్యూరీ పేషెంటుకు భారీ పరిహారం ఇప్పించింది. ఆ దెబ్బకు డాక్టర్లు పన్ను తీయడానికే జంకారు. తర్వాత జరిగిన అధ్యయనాలు మాత్రం ప్రీమోలార్లు తీయడానికీ కీలు నొప్పికీ సంబంధం చూపలేకపోయాయి. నిద్రలో ఊపిరి సంగతికొస్తే, మిన్నెసోటాలో 5,584 మంది రికార్డులను, సగం మంది ప్రీమోలార్లు లేనివాళ్లు, సగం మంది ఉన్నవాళ్లు, పోల్చి చూశారు. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు రెండు వైపులా సుమారు పదిశాతమే. ముఖం విషయం అంత తేలిగ్గా కొట్టేయలేం. పీకినా పీకకున్నా ఫరవాలేదనిపించే కేసులను తీసుకుని, వైద్యం ముగిసిన చాలా ఏళ్లకు సెయింట్ లూయిస్‌లో పరిశీలించి 1992లో ప్రకటించారు. పళ్లు తీయించుకున్నవాళ్ల పెదవులు సగటున 2 మి.మీ. వెనక్కి ఉన్నాయి. తమ ముఖం ఎలా ఉందన్న దానిపై రెండు వర్గాల సంతృప్తిలో తేడా కనబడలేదు. ఆ 2 మి.మీ. ఎవరికి అందం, ఎవరికి నష్టం అన్నది మనిషిని బట్టి ఉంటుంది. తెల్లవాళ్ల ముఖాలతో పోలిస్తే మన దక్షిణాది ముఖాల్లో పెదవులు కొంచెం నిండుగా, ముందుకు ఉండటం మామూలే. వాళ్ల కొలతలు పెట్టుకుని మనవాళ్ల పళ్లు పీకడం ఎంత తప్పో, పెదవులు కలవక ఇబ్బందిపడుతూ ‘ఈ ఎత్తు తగ్గించండి’ అని వచ్చిన అమ్మాయికి ‘పీకం’ అని చెప్పి పంపడమూ అంతే తప్పు.

మరి పీకకుండా విస్తరించిన వరుస నిలుస్తుందా? సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు క్లిప్పులు తీసేసిన పేషెంట్లను పదేళ్లు, ఇరవయ్యేళ్లు వెంటాడి చూశారు. పాలపళ్ల వయసులో కింది వరుసను పెంచి సరిచేసిన 26 మందిని చూస్తే, సరిచేసిన పళ్లు కదలకుండా పట్టి ఉంచే రిటైనరు మానేశాక ఏళ్లు గడిచేసరికి 89 శాతం మందిలో ముందుపళ్లు తృప్తికరంగా లేవు. వరుస పెంచడానికి ఇది గట్టి చెంపపెట్టు. అయితే పీకే వర్గం చంకలు గుద్దుకోనక్కర్లేదు. నాలుగు ప్రీమోలార్లు తీసిన 65 మందిని చూసినప్పుడూ పదేళ్ల తర్వాత కింది ముందుపళ్లు బాగున్నవాళ్లు 30 శాతం కూడా లేరు. పన్ను తీస్తే వరుస శాశ్వతంగా కుదురుతుందన్న మాటా నిజం కాదన్నమాట. అసలు క్లిప్పులు ముట్టుకోనివాళ్లకు సైతం వయసు పెరిగేకొద్దీ కింది ముందుపళ్లు ఇరుకవుతాయి. ఏ దారిన వెళ్లినా రిటైనరు తప్పదు. ‘ఆర్నెల్లు పెట్టుకుంటే చాలు’ అని చెప్పి పంపేవాళ్లు పేషెంటుకు సగం మాటే చెబుతున్నారు.

ఇంత చర్చలోనూ పెద్దగా వినపడని ఒక చోటు నిధి పిల్లల నోట్లోనే ఉంది. పాల దవడపళ్లు, వాటి స్థానంలో వచ్చే ప్రీమోలార్ల కంటే వెడల్పు. పాలపళ్లు చిన్నవి, పక్కా పళ్లు పెద్దవి అని మనం అనుకునేదానికి ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కోరపన్ను, రెండు దవడపళ్లు కలిపి చూస్తే, కింది దవడలో ఒక్కో వైపు సగటున 1.7 మి.మీ. మిగులుతుందని హేస్ నాన్స్ 1947లో లెక్కకట్టాడు. రెండు వైపులా కలిపితే మూడున్నర మి.మీ.కు కాస్త తక్కువ. మామూలుగా ఈ మిగులు ముందుపళ్లకు దక్కదు. పాలపన్ను ఊడగానే వెనకున్న పెద్ద దవడపన్ను ముందుకు జరిగి దాన్ని మింగేస్తుంది. జరగనీయకుండా కింది పళ్ల లోపలి వైపు ఒక తీగను, రెండు పెద్ద దవడపళ్లకు రింగులతో బిగించి వదిలేస్తే ఆ మిగులు ఇరుక్కున్న ముందుపళ్లకు పనికొస్తుంది. బోస్టన్ విశ్వవిద్యాలయంలో 107 మంది పిల్లలకు ఇలా చేస్తే 60 శాతం మందికి ఇరుకు తీరేంత చోటు దొరికింది. ఎముకను విరిచింది లేదు, పళ్లను బయటికి తోసింది లేదు. ఒక తీగ, కొంచెం ఓపిక, సరైన సమయం. ఆఖరి పాల దవడపన్ను ఊడిపోయాక ఈ అవకాశం మళ్లీ రాదు.

మన ఇళ్లలో ఈ నిధిని కాపాడుకోకపోగా చేజేతులా పోగొట్టుకుంటున్నాం. ఆరేళ్ల పిల్లాడి దవడపన్ను పుచ్చి, బుగ్గ వాచి, రాత్రంతా ఏడిస్తే తెల్లారి పీకించేస్తాం. ‘ఎలాగూ ఊడిపోయే పన్నే కదా’ అన్న ఓదార్పు ఒకటి. ఆ పన్ను మామూలుగా ఊడేది పది, పన్నెండేళ్లకు. నాలుగైదేళ్లు ముందే పోతే వెనక ఆరో ఏట మొలిచిన పెద్ద దవడపన్ను ఆ ఖాళీలోకి వాలిపోతుంది, రావాల్సిన ప్రీమోలార్‌కు దారి మూసుకుపోతుంది. ఆ ఆరో ఏటి పన్నుదీ ఇంకో కథ. ఏ పాలపన్నూ ఊడకుండానే వరుస చివర నిశ్శబ్దంగా మొలుస్తుంది కాబట్టి, అదీ పాలపన్నే అనుకుని పుచ్చినా పట్టించుకోని ఇళ్లు ఎన్నో. పుచ్చిన పాలపన్నును నింపితే, నరం దాకా వెళితే దానికీ చికిత్స చేసి తొడుగు వేస్తే, చోటు నిలుస్తుంది. తీయక తప్పకపోతే పక్క పన్నుకు ఒక రింగు, దానికి అతికిన తీగ మెలిక పెడితే ఖాళీ ఖాళీగానే ఉంటుంది. వేలెడంత కూడా లేని ఈ సామాను పదేళ్ల తర్వాత పెట్టే క్లిప్పుల ఖర్చు ముందు ఏపాటి? కానీ దీనికి బోర్డు ఎవరూ పెట్టరు. లాభం లేని వస్తువుకు ప్రకటన దేనికి?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఏడేళ్లకే పిల్లల్ని ఆర్థోడాంటిస్టు దగ్గరికి పంపమంటే, అప్పుడొకసారి, పదమూడేళ్లకు ఇంకోసారి బిల్లు వేయడానికి దారి తీసినట్టు కాదా? అవుతుంది, జాగ్రత్త లేకపోతే. ఎత్తుపళ్ల పిల్లల మీద నార్త్ కరోలినాలోనే జరిగిన ప్రయోగంలో, తొందరగా మొదలుపెట్టి రెండు విడతల్లో చేసిన వైద్యం చివరికి ఒకే విడతలో చేసినదానికంటే మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు. నేను చెప్పేది తొందరగా పరికరాలు బిగించమని కాదు. చూడమని, లెక్క రాసుకోమని, పాలపళ్లను కాపాడమని. చాలామంది పిల్లలకు ఏడేళ్ల వయసులో కావాల్సింది ‘ఏడాది ఆగి రండి’ అన్న మాటే. మరికొందరంటారు, గట్టి తిండి తింటే దవడలు పెరుగుతాయి, క్లిప్పులెందుకని. వేటాడి బతికిన జనాల పుర్రెల్లో పళ్ల ఇరుకు తక్కువన్నది నిజం, మెత్తని తిండికి దీనిలో పాత్ర ఉందనే పరిశోధకులూ ఉన్నారు. చిన్నప్పటి నుంచి జొన్నరొట్టె, చెరకుగడ నమిలించండి, మంచిదే. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడు దవడ వ్యాయామాలు చేస్తే కోరపన్ను కిందికి దిగుతుందని చెప్పేవాళ్ల దగ్గర వీడియోలు ఉన్నాయి గానీ రుజువులు లేవు.

ఆ వయసు దాటిపోయినవాళ్ల మాటేమిటి? వాళ్లకు ముందు తెలియాల్సింది, కొద్దిపాటి వంకరను అలాగే వదిలేసినా కొంపలు మునగవని. శుభ్రంగా తోముకునేవాళ్లకు ఇరుకు పళ్ల వల్లే పళ్లు పుచ్చుతాయనడానికి గట్టి ఆధారం లేదు. సరిచేయించుకోవాలనుకుంటే, నాకు ఎన్ని మి.మీ. చోటు తక్కువ, దాన్ని ఎక్కణ్నుంచి తెస్తారు, తెచ్చాక పెదవులు, చిగుళ్లు ఎలా ఉంటాయి, రిటైనరు ఎన్నాళ్లు అని అడగాలి. పీకాలన్న డాక్టరునూ పీకొద్దన్న డాక్టరునూ ఇవే అడగాలి. ఫోనులో ఫొటోలు పంపితే ఇంటికే అలైనర్లు, అంటే పళ్లను జరిపే పారదర్శక తొడుగులు, వస్తాయన్న వ్యాపారం వీటికి జవాబు చెప్పలేదు. ఎక్స్‌రే లేకుండా వేరు చుట్టూ ఎముక ఎంతుందో ఎవరికి తెలుస్తుంది? ఇంటికే అలైనర్లు పంపి అమ్మిన అమెరికా కంపెనీ స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడినప్పుడు, సగం వైద్యంలో ఉన్నవాళ్లు నడిమధ్యలో మిగిలిపోయారు.

పిల్లల విషయంలో మాత్రం కొత్త పథకం ఏదీ అడగనక్కర్లేదు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పళ్ల సమస్యలూ ఉన్నాయి. రెండో తరగతి, మూడో తరగతి పిల్లల నోట్లో టార్చి వేసి రెండు సంగతులు చూస్తే చాలు: పాల దవడపన్ను వేళకాని వేళ పోయిందా, ఆరో ఏటి పన్ను పుచ్చుతోందా అని. అలాంటి పిల్లల పేర్లు విడిగా రాసి దగ్గర్లో డెంటల్ డాక్టరు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి పంపవచ్చు. రింగు, తీగ మెలిక పెట్టడానికి ఆర్థోడాంటిస్టే ఉండాలని లేదు, బీడీఎస్ చదివిన డాక్టరు పెట్టగలరు. ప్రైవేటు బడులు ఈ కార్యక్రమం పరిధిలోకి రావు. ఫీజులు దండిగా తీసుకునే ఆ యాజమాన్యాలు ఏడాదికి ఒక్కపూట డెంటిస్టును పిలిపించడానికి ఎవరి జీవో కోసం ఎదురుచూస్తున్నాయో తల్లిదండ్రుల సమావేశంలో అడగవచ్చు.